ఎస్పెరాంటో పదనిర్మాణం మీద డిసర్టేషన్: 17 నెలల నా అనుభవం

మొన్న సోమవారం మార్కుల మెమో చేతికొచ్చింది. 2023 జులైలో మొదలైన పని 2024 డిసెంబర్‌లో అయింది. నేను మొదలుపెట్టినప్పుడు తెలుగులో దీని గురించి ఎవరైనా రాసి ఉంటారేమో అని చాలా వెతికాను, ఏమీ దొరకలేదు, అందుకే ఏ రోజు ఏం జరిగిందో, ఎక్కడ ఎంత ఖర్చయిందో, ఎక్కడ ఏడ్చానో మొత్తం రాస్తున్నాను.

మాది గుంటూరు, బ్రాడీపేట. విజయవాడలో ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తాను, రోజూ ట్రైన్‌లో రాకపోకలు. దూరవిద్యలో ఎం.ఏ. లింగ్విస్టిక్స్ చేశాను, ఆఖరి సంవత్సరం డిసర్టేషన్ ఉంటుంది. సంధులు, సమాసాలు చెప్పీ చెప్పీ మాటని విడగొట్టి చూడటం నాకు అలవాటైపోయింది, కాబట్టి పదనిర్మాణమే చేద్దామనుకున్నా. ఎస్పెరాంటో అంటే దేశదేశాల వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఒక మనిషి కావాలని తయారు చేసిన భాష. అదే ఎందుకంటే ఒక పాఠంలో ఒక పేరా చదివాను. ఆ భాషని తయారు చేసిన జామెన్‌హోఫ్ అనే ఆయన వార్సాలో హైస్కూల్లో ఉన్నప్పుడు మాటల రాశి ఎలా తగ్గించాలా అని సతమతమవుతూ వీధిలో నడుస్తుంటే రష్యన్ బోర్డులు కనపడ్డాయట, ఒకటి శ్వెయిత్సార్‌స్కాయ, అంటే ద్వారపాలకుడి గది, ఇంకోటి కొందితెర్‌స్కాయ, అంటే మిఠాయి కొట్టు. రెండిటి చివరా ఒకే ముక్క. ఆ ముక్క చాలు, ఒక మాట నుంచి పది మాటలు పుట్టించొచ్చు అని ఆయనకి అప్పుడు తట్టిందని తర్వాత తనే ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. అది చదివిన రోజు సాయంత్రం శంకర్ విలాస్ సెంటర్ నుంచి ఇంటికి నడుస్తూ బోర్డులన్నీ చదువుకుంటూ వచ్చాను, చెప్పుల కొట్టు, మందుల కొట్టు, బట్టల కొట్టు, వైద్యశాల, పాఠశాల, గోశాల. రోజూ చూసేవే. ఆ రోజు మాత్రం కాళ్ళు ఆగిపోయాయి.

జులై 17న సినాప్సిస్ పంపాను. 26 రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఆగస్టు 12న రెండు లైన్ల మెయిల్ వచ్చింది, విషయం అంగీకరించడం లేదు, భారతీయ భాష ఏదైనా తీసుకోండి అని. చాలా బాధేసింది, ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు. మా గైడ్ గారికి ఫోన్ చేస్తే "ఏమ్మా, ఎవరూ మాట్లాడని భాష మీద నువ్వేం తేలుస్తావు" అన్నారు. మాట్లాడేవాళ్ళున్నారండీ, ఇంట్లో పుట్టినప్పటి నుంచి ఈ భాష విని పెరిగిన పిల్లలు కూడా ఉన్నారండీ అని చెప్పాను. కాసేపు ఆగి, తెలుగుతో పోల్చి రాస్తే కమిటీ ఒప్పుకోవచ్చు అని ఆయనే దారి చెప్పారు. ఆగస్టు 21న మళ్ళీ పంపాను, అక్టోబర్ 6న అప్రూవల్ వచ్చింది, 46 రోజులు. ఎవరైనా చేసేటట్టయితే మొదటిసారే తెలుగుని కలిపి పంపండి, నాకు అక్కడే మూడు నెలలు పోయాయి.

ఈలోపు భాష నేర్చుకోవడం మొదలుపెట్టేశాను. దీనికి పైసా ఖర్చు లేదు. లెర్ను అనే సైట్‌లో కోర్సు ఫ్రీ, నిఘంటువులు ఫ్రీ, బెర్తీలొ వెన్నెర్‌గ్రెన్ రాసిన పెద్ద వ్యాకరణం మొత్తం ఆన్‌లైన్‌లో ఫ్రీ. ట్రైన్‌లో వెళ్ళేటప్పుడు గంట, వచ్చేటప్పుడు గంట, ఫోన్‌లోనే చదివాను.

మనకి తేలికగా వచ్చేవి ఏంటంటే ప్రశ్న మాటలు. కీయె అంటే ఎక్కడ, తీయె అంటే అక్కడ, కీయమ్ ఎప్పుడు, తీయమ్ అప్పుడు. మన ఎ, అ లాగే ముందు ముక్క మారుతుంది వెనక ముక్క ఉంటుంది, ఒక్క రాత్రిలో వచ్చేసింది. మన ఇ వరుసకి మాత్రం విడిగా మాట లేదు, అక్కడకి ఇంకో చిన్న మాట తగిలించి ఇక్కడ చేస్తారు. క్రియకి మనం తగిలించే ఇంచు ప్రత్యయం కూడా అంతే, మాంజి అంటే తినడం, మంజీగి అంటే తినిపించడం. తెలుగువాడికి దీన్ని వివరించాల్సిన పనే లేదు.

ఇబ్బంది పెట్టింది వేరే. సీది అంటే కూర్చుని ఉండటం, సిదీజి అంటే నుంచున్నవాడు కూర్చోవడం. మనం రెండిటికీ కూర్చున్నాడు అనేస్తాం కదా, నేను రెండు వారాలు తప్పులే రాశాను. ఇంకోటి మల్ అనే ముక్క. అది చెడు అని కాదు, వ్యతిరేకం అని. ఫేర్మి అంటే మూయడం, మల్‌ఫేర్మి అంటే తెరవడం. తెరవడానికి సొంత మాట లేదు, మూయడం నుంచే రావాలి.

అలాగే పాత్రొ అంటే నాన్న, పత్రీనొ అంటే అమ్మ, అంటే నాన్నకి ఆడ గుర్తు తగిలిస్తే అమ్మ. వంటింట్లో మా అమ్మకి ఈ మాట చెప్తే గరిటె పక్కన పెట్టి "అదేంటే, అమ్మకి సొంతంగా ఒక మాట లేదా ఆ భాషలో" అంది. ఆ భాష మాట్లాడేవాళ్ళలో కూడా చాలామందికి ఉన్న అభ్యంతరమే అది, మగ గుర్తు కూడా విడిగా పెట్టుకుందాం అని కొందరు వాడుతున్నారు గానీ అధికారికం కాలేదు. మా అమ్మ అన్న మాట నా నోట్సులో డేట్ వేసి రాసుకున్నాను, సెప్టెంబర్ 3.

అక్టోబర్ 14న ఒక పుస్తకం ఆర్డర్ పెట్టాను. కలోచై, వరంగ్యెన్ అనే ఇద్దరు రాసిన పెద్ద వ్యాకరణం, విదేశంలో ఒక పాత పుస్తకాల అతని దగ్గర దొరికింది. పుస్తకం 28 యూరోలు, పోస్టేజీ 19 యూరోలు, మన డబ్బుల్లో 4,230 రూపాయలు పడింది, నా జీతానికి అది చిన్న మొత్తం కాదు. 44 రోజులు పట్టింది, మధ్యలో 16 రోజులు ట్రాకింగ్ కదల్లేదు, పోయిందనే అనుకున్నాను. నవంబర్ 27న పోస్ట్‌మ్యాన్ తెచ్చాడు, డ్యూటీ కింద ఇంకో 310 కట్టించుకుని రసీదు ఇచ్చాడు. చిల్లర దగ్గర పెట్టుకోండి, ముందు ఎవరూ చెప్పరు ఈ సంగతి.

ఇక అసలు విషయం, నా డిసర్టేషన్ అంతా దేని మీద నిలబడిందో ఆ రెండు మాటలు, దువ్వెన, బ్రష్.

ఎస్పెరాంటోలో చివర ఒ పెడితే నామవాచకం, ఇ పెడితే క్రియ అని అందరూ మొదటి రోజే చెప్తారు, ఏ ధాతువుకైనా, అంటే మాటకి మూలమైన ముక్కకి, ఏదైనా తగిలించుకోవచ్చు అని. మరి బ్రోసొ అంటే బ్రష్, బ్రోసి అంటే బ్రష్ చేయడం. బాగుంది. కోంబి అంటే తల దువ్వడం. అలాంటప్పుడు కోంబొ అంటే దువ్వెన కావాలి కదా? కాదు. కోంబొ అంటే దువ్వడం అనే పని. దువ్వెన కావాలంటే పనిముట్టు అని చెప్పే ఇల్ అనే ముక్క పెట్టి కొంబీలొ అనాలి. అటు బ్రష్ చేయడం అనే పనికి పేరు కావాలంటే బ్రోసొ చాలదు, బ్రొసాదొ అనాలి. రెండూ జుట్టు మీద పనిచేసే వస్తువులే, ఒకటి పుట్టుకతో వస్తువు, ఒకటి పుట్టుకతో పని. పైకి ఎక్కడా రాసి ఉండదు ఇది.

తెలుగులో కూడా అచ్చం ఇంతే అని నాకు తట్టింది కృష్ణా కెనాల్ స్టేషన్ దగ్గర ట్రైన్ ఆగి ఉన్నప్పుడు. దువ్వు అనే క్రియ నుంచి దువ్వెన. బ్రష్ మాత్రం వస్తువుగా వచ్చింది కాబట్టి బ్రష్ చేయడం. ఎదురు సీట్లో ఒకావిడ కూతురికి జడ వేస్తోంది, దువ్వెనని నోట్లో పళ్ళ మధ్య పట్టుకుని ఉంది, ఆ దువ్వెననే చూస్తూ ఉండిపోయాను, ఆవిడ ఏమనుకుందో.

సరే, ఏ ధాతువు వస్తువో ఏది పనో ఎలా తెలుస్తుంది? 1905లో వచ్చిన ఫుందమేంతొ అనే మూల గ్రంథంలో ధాతువుల పట్టిక ఉంది, ఒక్కోదానికి ఐదు భాషల్లో అర్థాలు, ఫ్రెంచి, ఇంగ్లీషు, జర్మన్, రష్యన్, పోలిష్. నేను ఇంగ్లీషు వరస ఒక్కటే చూసుకుంటూ వారం రోజులు తల పట్టుకున్నాను, ఎందుకంటే ఇంగ్లీషులో కోంబ్, బ్రష్ రెండూ అటు నామవాచకమూ అవుతాయి ఇటు క్రియా అవుతాయి, ఏమీ తేలదు. పక్కన ఫ్రెంచి చూస్తే కోంబ్‌కి పేన్యే అని ఉంది, దువ్వడం. బ్రోస్‌కి బ్రోస్ అనే ఉంది, వస్తువు. జర్మన్‌లో కెమ్మెన్, క్రియ. బ్యూర్స్టె, వస్తువు. ఐదు భాషలు పక్కపక్కన పెట్టడం వల్లే ధాతువు పుట్టుక తెలుస్తోంది. ఫ్రెంచి రాకపోయినా పర్వాలేదు, ఆ వరస తప్పకుండా చూసుకోండి.

దీని మీద పెద్ద గొడవే జరిగింది. కూతురా అనే ఫ్రెంచి తర్కవేత్త, క్రోనొ అంటే కిరీటం అయి క్రోని అంటే కిరీటం పెట్టడం అయితే వెనక్కి తిప్పినప్పుడు కిరీటం పెట్టడం అనే పని రావాలి గానీ కిరీటం ఎలా వస్తుంది, ఇది తర్కం కాదు అన్నాడు, 1907లో ఈదొ అనే సవరించిన భాష పక్షాన నిలబడ్డాడు. దానికి జవాబు చెప్పింది రెనే ద సొస్యూర్, మన లింగ్విస్టిక్స్ వాళ్ళందరికీ తెలిసిన ఫెర్డినాండ్ ద సొస్యూర్ సొంత తమ్ముడు, గణిత శాస్త్రవేత్త. ధాతువుకి సొంత అర్థం, సొంత జాతి ఉంటుంది, మాట కట్టేటప్పుడు భావానికి అవసరమైన ముక్కలన్నీ ఉండాలి, అవసరానికి మించి ఒక్కటీ ఉండకూడదు, ఇదీ 1910లో ఆయన చెప్పిన సూత్రం. నాకు ఈ సూత్రం ఎంత నచ్చిందంటే రెండో అధ్యాయం మొత్తం దానికే ఇచ్చాను.

కాలేజీలో పిల్లల చేత మాటలు కట్టించి చూద్దామని ప్రిన్సిపాల్ గారిని అడిగాను, ఇంటర్ సెకండియర్ పిల్లల టైమ్ అంటే తెలుసు కదా, 9 రోజులు తిరిగితే డిసెంబర్ 16 శనివారం ఆఖరి పీరియడ్ ఇచ్చారు. 31 మంది. ముక్కలు బోర్డు మీద రాశాను, సన్ అంటే ఆరోగ్యంగా ఉన్న, మల్ అంటే వ్యతిరేకం, ఉల్ అంటే మనిషి, ఇగ్ అంటే అలా చేయడం, ఏయ్ అంటే చోటు, ఆఖర్న ఒ. ఆసుపత్రి అనే మాట కట్టండి అన్నాను. నిఘంటువు మాట మల్‌సనులేయొ, ఆరోగ్యంగా లేని మనుషులుండే చోటు.

చాలామంది మల్‌సనేయొ అని రాశారు, మనిషి ముక్క వదిలేసి. అది చదివితే ఆరోగ్యానికి మంచిది కాని చోటు అని కూడా రావచ్చు, కాబట్టి ఉల్ అవసరమైన ముక్కే, సొస్యూర్ సూత్రం ఎదురుగా కనపడింది. మూడో బెంచీలో ఒక అమ్మాయి మాత్రం సనిగేయొ అని రాసింది. మల్ లేదు, ఉల్ లేదు. ఏంటమ్మా ఇది అంటే లేచి నుంచుని "ఆసుపత్రి అంటే జబ్బువాళ్ళుండే చోటు కాదు కదా మేడమ్, బాగుచేసే చోటు, జబ్బువాళ్ళు ఇంట్లో కూడా ఉంటారు" అంది. క్లాసంతా గప్‌చుప్. నాకు వెంటనే ఏం చెప్పాలో తెలియలేదు, నిజంగా గొంతు పట్టేసింది. ఆ భాష పేరు కూడా ఎప్పుడూ వినని పిల్ల 40 నిమిషాల్లో సొంతంగా మాట కట్టి, ఆ మాటని నిలబెట్టుకుంది. ఇంటికొచ్చి వెతికితే కురత్సేయొ అనే మాట వాడుకలో ఉంది, వైద్యం చేసే చోటు అని. ఆ పిల్ల ఆలోచన పోయిన దారిదే.

ఇక్కడే నా డిసర్టేషన్ కొంచెం దారి మారింది. ముక్కలు కలిపితే అర్థం దానంతటదే వచ్చేస్తుంది అని రాద్దామని మొదలుపెట్టినదాన్ని, అలా కాదని రాయాల్సొచ్చింది. లెర్నేయొ అంటే నేర్చుకునే చోటు, కానీ నేను నేర్చుకున్న ట్రైన్‌ని లెర్నేయొ అనరు, బడినే అంటారు. వొర్తారొ అంటే మాటల సమూహం, కానీ అర్థం నిఘంటువు. మల్‌వర్మూమి అంటే జలుబు చేయడం, అందులో మల్‌వర్మ్ అంటే చల్లన, తర్వాత ఉమ్ అనే ముక్కకి స్థిరమైన అర్థమే లేదు, కావాలనే అలా వదిలిపెట్టారు. మన చలికీ జలుబుకీ మధ్య ఉన్న దూరమే అక్కడా ఉంది. ఇంకా విరుపు బట్టి మారేవి ఉన్నాయి, సెంతేమ అనే మాటని సెంత్, ఎమ్ అని విరిస్తే సున్నితమైన, సెన్, తేమ్ అని విరిస్తే విషయం లేని. కొలేగొ అంటే సహోద్యోగి, కొల్, ఎగ్ అని విరిస్తే పెద్ద మెడ. మనిషి బల్ల ముందు కూర్చుని నియమాలు రాసి ఇచ్చిన భాషే అయినా, మనుషుల నోళ్ళలో పడ్డాక మాటలు మాటల్లాగే ప్రవర్తించాయి. నాకు ఇది చాలా సంతోషంగా అనిపించింది.

2024 జనవరి 21, ఆదివారం, పొద్దున 6 గంటలకి బ్రెజిల్‌లో ఎస్పెరాంటో మాట్లాడే ఒక పెద్దాయనతో వీడియో కాల్. ఆయనకి అప్పుడు శనివారం రాత్రి 9:30. గుండె దడదడలాడింది. నేను ఇన్‌స్త్రుఇస్తీనొ, ఉపాధ్యాయురాలిని అన్నాను. ఆయన మెల్లగా, ఈ రోజుల్లో వృత్తులకి ఆడ గుర్తు పెట్టడం తగ్గిపోతోంది, ఇన్‌స్త్రుఇస్తొ చాలు అన్నారు. వెంటనే మా అమ్మ గరిటె గుర్తొచ్చింది. నాకు కష్టంగా అనిపించింది ఇంకోటి, డెబ్భై ఏళ్ళాయన్ని పిలవడానికి మీరు, నువ్వు తేడా లేదు, ఒక్కటే వి. ప్రతిసారీ నోరు తడబడింది, వి అనగానే తెలియకుండానే తల కొంచెం వంచేదాన్ని. మల్‌సనులేయొ అంటారా అని అడిగితే అంటాం, హొస్పితాలొ అని కూడా అంటాం, పొడుగు మాట పిల్లలకి చూపించడానికి బాగుంటుంది అన్నారు.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రాశాను. ఇంటి పని, మూల్యాంకనం డ్యూటీ, అన్నీ మధ్యలోనే. మే 2న అరండల్‌పేటలో డీటీపీకి ఇచ్చాను, 84 పేజీలు, పేజీకి 25. మే 13 ఎలక్షన్లు, షాపంతా కరపత్రాలే, "అక్కా, పోలింగ్ అయ్యేదాకా నన్ను అడగొద్దు" అన్నాడు ఆ కుర్రాడు. 19 రోజులు పట్టింది. ప్రింట్ చూస్తే ఎస్పెరాంటోలో పైన టోపీ ఉండే అక్షరాలన్నీ ఖాళీ గడులు. అను అనే డీటీపీ ఫాంట్లలో తెలుగు కొట్టారు, అందులో ఆ అక్షరాలు లేవు. ఆ గుర్తుని ఆ భాషలో కూడా చపేలొ అనే అంటారు, టోపీ అనే. టోపీ లేని ప్రెస్సులు అక్షరం పక్కన హెచ్ పెట్టుకోవచ్చని ఫుందమేంతొలోనే వెసులుబాటు ఉంది, అంటే 1905 నాటికే ఈ సమస్య తెలుసు వాళ్ళకి. కానీ నా పని అంతా మాటని ఎక్కడ విరవాలి అనే దాని మీదే కదా. విమానాశ్రయానికి ఫ్లుగ్‌హవేనొ అంటారు, ఫ్లుగ్ ఎగరడం, హవేన్ రేవు. ఆ పద్ధతిలో రాస్తే మధ్యలో గ్, హ్ కలిసి టోపీ పెట్టిన అక్షరం అనుకుంటారు, మాట ముక్కలైపోతుంది. అందుకని టోపీ లేని అక్షరాలు కొట్టించి, మూడు కాపీల్లోనూ నల్ల పెన్నుతో నేనే టోపీలు పెట్టాను. రెండు రాత్రులు. మా ఆయన పేజీలు తిప్పుతూ వేలు పెట్టి చూపించారు, నేను పెట్టుకుంటూ పోయాను. బైండింగ్ కాపీకి 250. మే 30న సబ్మిట్ చేశాను. యూనివర్సిటీ ప్రాజెక్టు ఫీజు 3,500 కాకుండా నాకు పుస్తకంతో కలిపి 7,390, రైలు పాస్ లెక్కేయలేదు. మీరు యూనికోడ్‌లో సొంతంగా టైప్ చేసుకోండి, ఈ బాధ ఉండదు.

వైవా సెప్టెంబర్ 4 అన్నారు విజయవాడలో. సెప్టెంబర్ 1న బుడమేరు వచ్చింది, సింగ్‌నగర్ అంతా నీళ్ళలో ఉంది, వాయిదా వేశారు. ఆ పరిస్థితిలో వైవా గురించి ఎవరినీ అడగాలనిపించలేదు. అక్టోబర్ 22న జరిగింది, 25 నిమిషాలు. ఎగ్జామినర్ గారు దువ్వెన పేజీ తీసి "బాగుందమ్మా, మరి కత్తెర ముందా, కత్తిరించు ముందా?" అని అడిగారు. ఈ ప్రశ్న నేను అనుకోనే లేదు. ఒక నిమిషం ఆలోచించి చెప్పాను, తెలుగులో కత్తెరే ముందండీ, కర్తరి తద్భవం, కత్తిరించు దాన్నుంచి వచ్చింది, ఎస్పెరాంటోలో తోన్ది, కత్తిరించడం ముందు, తొన్దీలొ, కత్తెర దాన్నుంచి వచ్చింది, కాబట్టి ధాతువు జాతి వస్తువులో ఉండదండీ, ఆ భాష దాన్ని ఏ వైపు నుంచి ముందు పట్టుకుందో దాంట్లో ఉంటుంది అన్నాను. ఆయన పెన్ను మూసేసి, ఆ అమ్మాయి రాసిన సనిగేయొ తప్పా ఒప్పా అని అడిగారు. నిఘంటువులో లేదు, నియమాల ప్రకారం తప్పు లేదు అన్నాను. నవ్వారు.

మెమో వచ్చిన రోజు ఆ అమ్మాయికి ఫోన్ చేశాను, ఇప్పుడు డిగ్రీ ఫస్టియర్. నీ మాట 61వ పేజీలో ఉందమ్మా అన్నాను. "తప్పని రాశారా మేడమ్?" అంది. లేదమ్మా అన్నాను. ఆదివారం ఇంటికొచ్చి నా దగ్గరున్న కాపీలో ఆ పేజీ ఫోటో తీసుకుని వెళ్ళింది. ఆ మాటలో టోపీ అక్షరం ఒక్కటీ లేదు, ప్రింట్‌లో ఉన్నది ఉన్నట్టే వచ్చింది.